విడాకులు, మళ్లీ పెళ్లి, పెన్షన్: ఏ మలుపులో ఏ కాగితం కావాలి

మొన్న ఒకావిడ నరసాపురంలో గోదావరి దాటించే పంటు ఎక్కి, సఖినేటిపల్లి రేవులో దిగి, అక్కణ్నుంచి బస్సు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. చేతిలో బట్టల కొట్టు ప్లాస్టిక్ కవరు. అందులో నాలుగు మడతలు పెట్టిన స్టాంపు కాగితం. మడతల దగ్గర చిరిగితే వెనక టేపు అతికించారు. ఆ టేపు కూడా పసుపు రంగుకి తిరిగి పెళుసుబారిపోయింది. ఇద్దరం ఇష్టపడే విడిపోతున్నామని, ఇకమీదట ఒకరి మీద ఒకరికి ఏ హక్కూ లేదని అందులో రాసి ఉంది. కింద ఒక వేలిముద్ర, పక్కన ఐదుగురు పెద్దమనుషుల సంతకాలు. ఆ వేలిముద్ర ఆవిడ భర్త మొదటి భార్యది. తర్వాత ఈవిడని గుడిలో పెళ్లి చేసుకున్నారు. ఇరవై ఏళ్లు కాపురం చేశారు, కొడుకు డిగ్రీ చదువుతున్నాడు. ఆయన కేంద్ర ప్రభుత్వ శాఖలో పనిచేసి రిటైరై, ఈమధ్యే పోయారు. ఫ్యామిలీ పెన్షన్ మొదటి భార్యకి వెళుతుందని ఆఫీసులో చెప్పారట.

"పెద్దలందరూ సంతకాలు పెట్టారు కదండీ, ఇది సరిపోదాండీ?" అని అడిగారు.

సరిపోదు. ఆ ముక్క చెప్పడానికి నాకు పావుగంట పట్టింది. సర్వీసులో ఉన్నన్నాళ్లూ పెన్షన్ ఫైళ్లతోనే గడిపాను. రిటైరయ్యాక ఇంటి అరుగు మీద కూర్చుని అడిగినవాళ్లకి ఫారాలు నింపిపెడుతున్నాను. ఈ గోదావరి లంకల్లో, కాలవ గట్ల మీద ఊళ్లలో నేను చూసిన గొడవల్లో ఎక్కువ భాగం డబ్బు గురించి కాదు, సమయానికి తీసుకోని కాగితం గురించే. అందుకే ఏది ముందు చేయాలో ఆ వరసలోనే రాస్తున్నాను.

ముందుగా: మీది ఏ పెన్షనో తేల్చుకోండి

"పెన్షన్" అని ఒకే మాట వాడతాం గానీ అందులో నాలుగైదు రకాలున్నాయి. సర్వీసు చేసినందుకు మీకొచ్చే సొంత పెన్షన్ ఒకటి. విడాకులు తీసుకున్నా, మళ్లీ పెళ్లి చేసుకున్నా దానికేమీ కాదు. ఆ టెన్షన్ పక్కన పెట్టేయండి. భర్తో, భార్యో, తల్లిదండ్రులో పోయాక వచ్చేది ఫ్యామిలీ పెన్షన్. అసలు తగువంతా దీని మీదే. రైస్ మిల్లుల్లో, రొయ్యల ప్లాంట్లలో, ప్రైవేటు కంపెనీల్లో పీఎఫ్ కట్టినవాళ్లకి వచ్చేది ఈపీఎస్-95 పెన్షన్. 2004 సెప్టెంబరు 1 నుంచి రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగంలో చేరినవాళ్లది సీపీఎస్, అంటే జీతంలోంచి వాటా కట్టే పెన్షన్. ఇక నెల మొదట్లో గ్రామ సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి ఇచ్చే రాష్ట్ర ప్రభుత్వ సామాజిక పెన్షన్, ఎన్టీఆర్ భరోసా సంగతి వేరు.

పీపీఓ (పెన్షన్ మంజూరైనప్పుడు ఇచ్చిన పెన్షన్ పేమెంట్ ఆర్డరు) బయటికి తీసి, అందులో ఎవరెవరి పేర్లున్నాయో ఈ రోజే చూడండి. పెన్షన్ తీసుకునేవాళ్లలో సగం మంది దాన్ని బీరువాలో పెట్టాక మళ్లీ తెరిచి చూడరు.

విడిపోతే కోర్టులోనే విడిపోండి

మన వైపు పెద్దల్లో పెట్టి తెంపుకోవడం మామూలే. ఇచ్చిపుచ్చుకోవడాలు అయిపోతాయి, కాగితం రాసుకుంటారు, ఎవరి దారి వాళ్లది. ఊరికి ఆ కాగితం చాలు. పెన్షన్ ఆఫీసుకి చాలదు. 1955 హిందూ వివాహ చట్టం ప్రకారం కోర్టు డిక్రీ ఇచ్చేదాకా మొదటి పెళ్లి బతికే ఉంటుంది. అది బతికుండగా చేసుకున్న రెండో పెళ్లి మొదటి నుంచీ చెల్లదు. కులాచారం ప్రకారం విడాకులు ఇచ్చుకునే ఆనవాయితీ ఉంటే 29వ సెక్షన్ దాన్ని కాపాడుతుంది. కానీ ఆ ఆచారం ఉందని సాక్ష్యాలతో రుజువు చేయాల్సింది మీరే. మనిషి పోయాక ఆ రుజువు కోసం తిరగడం కంటే, బతికుండగా డిక్రీ తెచ్చుకోవడం ఎంతో తేలిక. నోటరీ చేయించిన కాగితం కూడా విడాకుల డిక్రీ కాదు. ఇది ఎన్నిసార్లు చెప్పినా జనం నమ్మరు, ఎర్ర సీలు చూడగానే కోర్టు కాగితం అనుకుంటారు.

ఇద్దరికీ ఇష్టమైతే అదే చట్టం 13-బి సెక్షన్ కింద పరస్పర అంగీకారంతో వేయండి. వేసేనాటికి కనీసం ఏడాదిగా విడిగా ఉంటూ ఉండాలి. వేశాక ఆరు నెలలు ఆగాలి. రాజీకి ఏ అవకాశమూ లేనప్పుడు ఆ ఆరు నెలలని కోర్టు మాఫీ చేయొచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. డిక్రీ వచ్చాక సర్టిఫైడ్ కాపీలు ఒకటికి మూడు తీయించుకోండి. జిరాక్సు ఎవరూ ఒప్పుకోరు. కేసు వేసిన తేదీ, కేసు నంబరు ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఆ తేదీ ఎందుకో కూతుళ్ల దగ్గరకి వచ్చినప్పుడు తెలుస్తుంది.

భార్యాభర్తలు విడిగా ఉండటం వేరు, విడాకులు వేరు. పదేళ్లుగా పుట్టింట్లో ఉన్నా డిక్రీ లేకపోతే ఆవిడ ఆయన భార్యే. ఆయన పోతే ఫ్యామిలీ పెన్షన్ ఆవిడదే.

డిక్రీకి ముందే అడగాల్సింది అడగండి

కొన్ని దేశాల్లో విడాకులప్పుడు పెన్షన్‌ని కూడా ఇద్దరికీ పంచుతారు. మన దగ్గర ఆ పద్ధతి లేదు. విడాకులైన భార్యకి మాజీ భర్త ఫ్యామిలీ పెన్షన్‌లో రూపాయి కూడా రాదు. ముప్పై ఏళ్లు కాపురం చేసినా అంతే. కాబట్టి ఆవిడకి ఏం రావాలన్నా భరణం రూపంలోనే రావాలి, అది డిక్రీలో రాసి ఉండాలి.

భరణం లెక్క కట్టేటప్పుడు ఆయన పెన్షన్ కూడా ఆదాయమే. పీపీఓ నకలు, బ్యాంకు స్టేట్‌మెంటు కోర్టు ముందు పెట్టించండి. చాలామంది మరిచిపోయేది ఇంకోటి ఉంది. నెలనెలా భరణం ఆయన పెన్షన్‌లోంచి వస్తుందనుకోండి, ఆయన పోయిన నెల నుంచి ఆ పెన్షనే ఉండదు. అందుకే హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్‌లో ఒక వెసులుబాటు ఉంది. భరణానికి పూచీగా స్థిరాస్తి మీద చార్జి (ఆ ఆస్తిలోంచి బాకీ రాబట్టుకునే హక్కు) పెట్టమని కోర్టుని అడగొచ్చు. ఆయన పేరున అరెకరం కొబ్బరితోట ఉన్నా దాని మీద చార్జి రాయించుకోండి. లేదంటే ఒకేసారి మొత్తం తీసుకోండి. నన్నడిగితే అరవై దాటినవాళ్లకి ఒకేసారి తీసుకోవడమే మంచిది, నెలనెలా బ్యాంకు మెసేజ్ కోసం ఎదురుచూడక్కర్లేదు.

భరణం తీసుకునేవాళ్లు మళ్లీ పెళ్లి చేసుకుంటే, అవతలి వాళ్లు అడిగినప్పుడు కోర్టు దాన్ని మార్చొచ్చు, ఆపేయొచ్చు.

పిల్లల సంగతి వేరు. విడాకులు తల్లికే గానీ పిల్లలకి కాదు. కేంద్ర పెన్షన్ నియమాల ప్రకారం, ఆయన మళ్లీ పెళ్లి చేసుకుని పోయినా, మొదటి భార్య పిల్లలకి అర్హత ఉంటే, విడాకులు కాకపోయుంటే వాళ్లమ్మకి ఎంత వాటా వచ్చేదో అంత వాటా వాళ్లకి వస్తుంది. పిల్లల జనన ధృవీకరణ పత్రాల్లో తండ్రి పేరు సరిగ్గా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి.

డిక్రీ వచ్చిన నెలలోనే మార్చాల్సినవి

ఉద్యోగంలో ఉంటే సర్వీస్ రిజిస్టరులో కుటుంబ వివరాలు మార్చమని డిక్రీ కాపీ జత చేసి అర్జీ పెట్టండి. రిటైరైతే పెన్షన్ మంజూరు చేసిన ఆఫీసుకి, పెన్షన్ ఇచ్చే బ్యాంకుకి లేదా సబ్ ట్రెజరీకి ఇవ్వండి. అర్జీ రెండో కాపీ మీద తేదీతో సహా ముద్ర వేయించుకోండి, ముద్ర లేని అర్జీ ఇచ్చినా ఇవ్వనట్టే. జీపీఎఫ్, గ్రాట్యుటీ, ఎల్ఐసీ నామినేషన్లు వేటికవే విడిగా మార్చాలి. ఒకచోట మారిస్తే మిగతాచోట్ల దానంతటది మారదు. పెన్షన్ ఖాతా భార్యతో జాయింటుగా ఉంటే వేరే ఖాతాకి మార్చండి. హెల్త్ కార్డులో పేరు కూడా.

పీఎఫ్‌లో ఒక మెలిక ఉంది. కుటుంబం లేనప్పుడు ఏ తమ్ముడి పేరునో ఇచ్చిన నామినేషన్, పెళ్లయిన రోజే చెల్లకుండా పోతుంది. సీపీఎస్ ఖాతాలో కూడా పెళ్లికి ముందు ఇచ్చిన నామినేషన్ చెల్లదు, పెళ్లయ్యాక కొత్తది ఇవ్వాల్సిందే. మొదటి పెళ్లయినా రెండోదైనా మళ్లీ ఇవ్వండి.

నామినేషన్ ఉంటే ఫ్యామిలీ పెన్షన్ కూడా వచ్చేస్తుందనుకోకండి. వీలునామా రాసినా రాదు. ఫ్యామిలీ పెన్షన్ ఆస్తి కాదు, దాన్ని వీలునామాతో ఎవరికీ ఇవ్వలేరని సుప్రీంకోర్టు వయొలెట్ ఐజాక్ కేసులో 1991లోనే తేల్చింది. అది ఎవరికి చేరాలో రూలే చెబుతుంది.

పెన్షనరు మళ్లీ పెళ్లి చేసుకుంటే

అరవై రెండేళ్లకి, ఒంటరిగా ఉండలేక, వంట చేసుకోలేక పెళ్లి చేసుకునేవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. ఊళ్లో నవ్వుకుంటారు గానీ రూలు నవ్వదు. రిటైరయ్యాక చేసుకున్న భార్యకి కూడా ఫ్యామిలీ పెన్షన్ హక్కుందని భగవంతి కేసులో 1989లో సుప్రీంకోర్టు చెప్పింది. కేంద్ర నియమాల్లోనూ ఆ హక్కుంది.

మూడు పనులు చేయాలి. మొదటిది, డిక్రీ వచ్చిన మర్నాడే తాళి కట్టేయకండి. అప్పీలుకి ఉన్న గడువు దాటాలి, హిందూ వివాహ చట్టం ప్రకారం అది 90 రోజులు. అప్పీలు వేసి ఉంటే అది తేలాలి. రెండోది, గుడిలో చేసుకున్నా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరు చేయించండి. అన్నవరంలో చేసుకుంటే అక్కడ ఇచ్చే రసీదు జాగ్రత్త చేయండి, రిజిస్ట్రేషన్‌కి సాక్ష్యంగా పనికొస్తుంది, కానీ అదే రిజిస్ట్రేషన్ కాదు. మూడోది, మొదటి భార్య పోయి ఉంటే ఆవిడ మరణ ధృవీకరణ, విడాకులైతే డిక్రీ, కొత్త వివాహ ధృవీకరణ, ఇద్దరూ కలిసి దిగిన ఫొటో, ఆధార్ జతచేసి పీపీఓలో కొత్త పేరు ఎక్కించమని అర్జీ పెట్టండి. బతికున్న పెన్షనరు సంతకంతో ఇచ్చిన అర్జీకి, ఆయన పోయాక కోడళ్లూ కొడుకులూ అడ్డం పడుతుండగా ఇచ్చే అర్జీకి ఎంత తేడా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

ఉద్యోగంలో ఉండగా మొదటి భార్య ఉండగానే రెండో పెళ్లి చేసుకుంటే అది ప్రవర్తనా నియమాల ఉల్లంఘన కూడా. పెన్షన్ దాకా ఎందుకు, ఉద్యోగానికే ముప్పు.

భర్త పోయినావిడ మళ్లీ పెళ్లి చేసుకుంటే

పెన్షన్ పోతుందేమోనని పెళ్లి మానుకున్న ఆడపిల్లల్ని చూశాను. ఇంట్లో వాళ్లే భయపెడతారు. రూలు అంత కటువుగా లేదు.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి భార్యకి పిల్లలు లేకపోతే, మళ్లీ పెళ్లి చేసుకున్నా ఫ్యామిలీ పెన్షన్ ఆగదు. షరతు ఒక్కటే, మిగతా అన్ని మార్గాల్లో ఆవిడకి వచ్చే ఆదాయం కనీస ఫ్యామిలీ పెన్షన్ 9,000 రూపాయలు, దాని మీద డీఆర్ (ధరలు పెరిగే కొద్దీ పెన్షనర్లకి కలిపే కరువు భత్యం) కలిపిన మొత్తం కంటే తక్కువ ఉండాలి. 2025 జులై నాటి 58 శాతం డీఆర్ లెక్కన అది 14,220 రూపాయలు. డీఆర్ పెరిగినప్పుడల్లా ఇదీ పెరుగుతుంది. పిల్లలుంటే, పెళ్లి రోజుతో ఆవిడకి ఆగిపోయి, పిల్లలకి మొదలవుతుంది. 25 ఏళ్లు నిండేదాకా, లేదా పెళ్లో సంపాదనో మొదలయ్యేదాకా ఇస్తారు. మైనరైతే గార్డియన్ ద్వారా ఇస్తారు. డబ్బు ఇంట్లోకే వస్తుంది, పేరు మారుతుంది, అంతే.

ఈపీఎస్‌లో భార్య మళ్లీ పెళ్లి చేసుకుంటే వితంతు పెన్షన్ ఆగుతుంది. అప్పటిదాకా ఒక్కో పిల్లకి అందులో 25 శాతం చొప్పున వస్తుంటే, ఆ తర్వాత అనాథ పెన్షన్ కింద 75 శాతం అవుతుంది, ఒకేసారి ఇద్దరికి. ఇది చాలామందికి తెలియదు, అడగరు, పీఎఫ్ ఆఫీసు నుంచి దానంతటది రాదు. పిల్లల పేరున విడిగా దరఖాస్తు చేయాలి.

సైనికుల కుటుంబాలది ఇంకో దారి. తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లలో ఇంటికొకరు సైన్యానికి వెళ్లినవాళ్లున్నారు. యుద్ధంలో పోయిన జవాను భార్యకి వచ్చే ప్రత్యేక పెన్షన్, మళ్లీ పెళ్లి చేసుకున్నా పిల్లల్ని పోషిస్తుంటే కొనసాగే వీలుంది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.

పెళ్లి దాచడం మాత్రం వద్దు. ఫ్యామిలీ పెన్షనరు మళ్లీ పెళ్లి చేసుకోలేదని కూడా ధృవీకరించాలి. అబద్ధం రాస్తే, బయటపడిన రోజున తీసుకున్నదంతా వెనక్కి కట్టమంటారు.

పుట్టింటికి వచ్చేసిన కూతురు

దీని గురించే కాస్త ఎక్కువ రాయాలి. పాలకొల్లు వైపు ఒక రిటైర్డు పోస్టుమాస్టరు గారి కూతురు, మొగుడితో పడక వచ్చేసి తొమ్మిదేళ్లు. "రేపో మాపో వాళ్లే తీసుకెళతారు" అని తల్లి ఆశ. "కోర్టుకెక్కితే పరువేం కాను" అని తండ్రి బెంగ. ఏ కేసూ వేయలేదు. తండ్రి పోయారు, రెండేళ్లకి తల్లీ పోయారు. అప్పుడు విడాకులకి వేసి డిక్రీ తెచ్చుకుని ఫ్యామిలీ పెన్షన్ అడిగింది. రాలేదు.

కేంద్ర నియమం ఇది: విడాకులైన కూతురికి 25 ఏళ్లు దాటాక కూడా ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. కానీ తల్లిదండ్రుల్లో ఒక్కరైనా బతికుండగానే విడాకులై ఉండాలి. 2017 జులైలో దీన్ని కొంచెం సడలించారు. వాళ్లలో ఒకరు బతికుండగా కోర్టులో విడాకుల కేసు వేసి ఉంటే, డిక్రీ ఆ తర్వాత వచ్చినా పర్వాలేదు, విడాకులైన తేదీ నుంచి ఇస్తారు. కేసు వేసిన తేదీ రాసి పెట్టుకోమన్నది ఇందుకే. ఆ పోస్టుమాస్టరు గారి అమ్మాయి తల్లి ఉండగా ఒక్క కేసు వేసి ఉంటే సరిపోయేది.

రాష్ట్ర ప్రభుత్వ పెన్షనర్లైతే, తల్లిదండ్రులు ఉండగానే డిక్రీ చేతికొచ్చేలా చూసుకోండి, సబ్ ట్రెజరీలో తాజా జీవో అడిగి దరఖాస్తు చేయండి.

ఆదాయం విషయంలో మన డెల్టాలో చిక్కు వస్తుంది. పైన చెప్పిన 14,220 లెక్కే ఇక్కడా. జీతమే ఆదాయం అనుకుంటారు. తండ్రి రాసిచ్చిన రెండెకరాలు రొయ్యల చెరువుకి లీజుకిస్తే ఆ లీజు ఆదాయమే. కొబ్బరితోట మీద వచ్చేది, నరసాపురం లేసు అల్లికల మీద వచ్చేది, కువైట్‌లో పనిచేసి సంపాదించేది, అన్నీ ఆదాయమే. భూమి ఇస్తే పెన్షన్ పోయేలా ఉంటే, ఏది లాభమో ముందే లెక్క వేసుకుని రాయించుకోండి. వరి చేను కౌలుకిస్తే ఒక లెక్క, చెరువుకిస్తే ఇంకో లెక్క.

వరస కూడా తెలియాలి. ముందు తల్లి, తర్వాత 25 ఏళ్ల లోపు పిల్లలు, వైకల్యం ఉన్న సంతానం ఉంటే వాళ్లు, ఆ తర్వాతే ఈ కూతుళ్లు. ఇద్దరు కూతుళ్లుంటే పెద్దామెకి ముందు. ఆమె అర్హత పోయాకే చిన్నామెకి. మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆగిపోతుంది.

దరఖాస్తుకి డిక్రీ సర్టిఫైడ్ కాపీ, తల్లిదండ్రుల మరణ ధృవీకరణలు, పీపీఓ, తహశీల్దారు ఇచ్చిన ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఆదాయ ధృవీకరణ, తండ్రి పేరు కనబడే పదో తరగతి సర్టిఫికెట్ కావాలి. ఆధార్‌లో ఇంటిపేరు అత్తవారిది, పదో తరగతిలో పుట్టింటిది ఉంటుంది. ఇద్దరూ ఒకరే అని చెప్పడానికి ఒక అఫిడవిట్ కూడా పెట్టండి, లేకపోతే ఫైలు అక్కడే ఆగుతుంది.

ఉద్యోగినులకి ఒక వెసులుబాటు

కేంద్ర ప్రభుత్వంలో, రైల్వేలో, పోస్టాఫీసుల్లో పనిచేసే ఆడవాళ్లు విడాకుల కేసో, గృహహింస కేసో, వరకట్నం కేసో నడుస్తుండగా పోతే ఫ్యామిలీ పెన్షన్ ఆ భర్తకే వెళ్లేది. 2024 జనవరి నుంచి, తన తర్వాత భర్త కంటే ముందు పిల్లలకే ఇవ్వాలని రాతపూర్వకంగా ఆఫీసుకి చెప్పుకోవచ్చు. కేసు నడుస్తుండగా ఆవిడ పోతే ఆ కోరికే చెల్లుతుంది. ఒక్క పేజీ ఉత్తరం. కేసు నంబరు రాసి ఇవ్వండి.

సచివాలయం పెన్షన్

ఎన్టీఆర్ భరోసాలో వితంతువులకి, ఒంటరి మహిళలకి 2024 జులై నుంచి నెలకి 4,000 ఇస్తున్నారు. మళ్లీ పెళ్లయితే ఆగుతుంది. విడిపోయినవాళ్లకి ఇక్కడ అసలు అడ్డంకి హౌస్‌హోల్డ్ మ్యాపింగ్, అంటే ఏ ఇంట్లో ఎవరెవరున్నారో సచివాలయం రాసుకున్న రికార్డు. రికార్డులో మీరింకా భర్త ఇంట్లోనే ఉంటారు, ఆయనకి ఆదాయం ఉంటే మీ దరఖాస్తు వెనక్కొస్తుంది. డిక్రీ పట్టుకెళ్లి ముందు ఆ రికార్డులో మీ పేరు వేరు చేయించుకోండి, తర్వాత రైస్ కార్డు, ఆ తర్వాతే పెన్షన్ దరఖాస్తు. ఈ వరస తప్పితే నెలల తరబడి తిరగాలి.

ఇక ఆ నరసాపురం ఆవిడ. ఆవిడకి ఫ్యామిలీ పెన్షన్ రాదు. కానీ కొడుకుకి వస్తుంది. చెల్లని పెళ్లి వల్ల పుట్టిన పిల్లలకి వాటా ఉందని సుప్రీంకోర్టు 2000లో రామేశ్వరీ దేవి కేసులో చెప్పింది, కేంద్ర నియమాల్లోనూ ఉంది. అంటే తల్లికి రావాల్సిన సగం, 25 ఏళ్లు వచ్చేదాకా ఆ అబ్బాయికి. వాడి జనన ధృవీకరణ, తండ్రి పేరున్న పదో తరగతి మార్కుల లిస్టు, కాలేజీ స్టడీ సర్టిఫికెట్ తెమ్మన్నాను. ఆ స్టాంపు కాగితం మళ్లీ మడతపెట్టి కవర్లో పెట్టుకుని, చివరి పంటు అందుతుందో లేదో అని గబగబా వెళ్లారు. సోమవారం అబ్బాయిని తీసుకుని వస్తానన్నారు.